ఏటి చివరి ఊళ్లకు రోడ్డు

కృష్ణమ్మ మనకు కొత్త కాదు. మాచర్ల దగ్గర నాగార్జునసాగర్‌లో ఆగుతుంది. సత్రశాల మీదుగా పోతుంది. పులిచింతల దాటుతుంది. అమరావతి, విజయవాడ చూసుకుంటూ కిందికి సాగిపోతుంది.

ఆ తర్వాత ఎక్కడికి పోతుంది? "సముద్రంలోకి" అని చిన్న పిల్లలు కూడా చెబుతారు. మరి ఏరు సముద్రంలో కలిసే చోట ఊళ్లు ఉన్నాయా? ఉన్నాయి. అక్కడి మనుషులు ఎట్లా బతుకుతున్నారు? ఆ ఊళ్లకు బస్సు పోతుందా? పురిటి నొప్పులు వస్తే ఏం చేస్తారు? తుపాను వస్తే ఎటు పోతారు?

ఇవన్నీ ఒక్క ప్రశ్న దగ్గరికే వస్తాయి. ఆ ఊళ్లకు దారి ఉందా, లేదా?

ఊరి పేరే చెబుతుంది

పులిగడ్డ అనే ఊరి దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలుతుంది. ఆ రెండు పాయలకూ, సముద్రానికీ నడుమ ఉన్న నేలను దివిసీమ అంటారు. దివి అంటే దీవి. నాలుగు దిక్కులా నీళ్లే. అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక అక్కడి పెద్ద ఊళ్లు. ఇది కృష్ణా జిల్లాలో ఉంది.

అక్కడి ఊళ్ల పేర్లు కూడబలుక్కుని చదవండి. నాగాయలంక. ఏటిమొగ. పాలకాయతిప్ప. ఈలచెట్లదిబ్బ. హంసలదీవి.

లంక అంటే ఏటి నడుమ తేలిన నేల. మొగ అంటే ఏరు సముద్రంలో కలిసే నోరు. తిప్ప అన్నా దిబ్బ అన్నా నీటి పక్కన కాస్త మెరకగా ఉన్న చోటు. పేరు చదివితే చాలు, ఆ ఊరు ఎక్కడుందో తెలిసిపోతుంది.

ఇప్పుడు మన వైపు పేర్లు చదవండి. పిడుగురాళ్ల. బెల్లంకొండ. కోటప్పకొండ. మన పేర్లలో రాయి ఉంది, కొండ ఉంది. వాళ్ల పేర్లలో నీరుంది, ఇసుక ఉంది. మన పల్నాట్లో గునపం వేస్తే రాయి తగులుతుంది. అక్కడ రెండు మూడు అడుగులు తవ్వితే నీళ్లు ఊరుతాయి. రోడ్డు సంగతి మాట్లాడేటప్పుడు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి.

రోడ్డు నీళ్ల దగ్గర ఆగిపోతుంది

విజయవాడ నుంచి అవనిగడ్డకు బస్సులు తిరుగుతాయి. అవనిగడ్డ నుంచి నాగాయలంకకు పోవచ్చు. నాగాయలంక దాటి ఏటిమొగ దాకా పోవచ్చు. ఆ తర్వాత కృష్ణ పాయ అడ్డం వస్తుంది. పాయకు అవతల ఎదురుమొండి దీవి. ఆ దీవిలో ఎదురుమొండి, నాచుగుంట, గొల్లమంద లాంటి ఊళ్లు ఉన్నాయి. ఈలచెట్లదిబ్బ ఇంకా అవతల ఉంది. అక్కడికి మళ్లీ పడవ ఎక్కాలి.

దశాబ్దాల తరబడి ఎదురుమొండి వాళ్లకు పంటే దిక్కు. పంటి అంటే తెలుసా? పడవలను జతచేసి, వాటి మీద బల్లలు పరిచి కట్టింది. దాని మీద మనుషులు ఎక్కుతారు. సైకిళ్లు, మోటారు సైకిళ్లు ఎక్కుతాయి. ట్రాక్టరు కూడా ఎక్కుతుంది. వడ్లు, బియ్యం, చేపలు, పెళ్లి సామాను, శవం, అన్నీ దాని మీదే దాటాలి. వంతెన కావాలని అక్కడి వాళ్లు ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చారు.

పంటి పగలు బాగానే ఉంటుంది. గాలి లేనప్పుడు బాగానే ఉంటుంది. కానీ నొప్పులు పగలే రావాలని లేదు కదా!

ఒక తల్లికి రాత్రి పదింటికి నొప్పులు మొదలయ్యాయి అనుకోండి. 108కి ఫోను చేస్తారు. ఆ బండి మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైంది. ఎంతో మంది తల్లుల్ని కాపాడింది. కానీ బండికి చక్రాలున్నాయి, తెడ్లు లేవు. అది ఇవతలి రేవు దాకా వచ్చి ఆగుతుంది. అవతల మంచం మీద మోసుకుని రావాలి. పంటి నడిపే వాళ్లను లేపాలి. ఏటిలో పోటు ఉందా, పాటు ఉందా చూసుకోవాలి. పోటు అంటే సముద్రపు నీరు పైకి ఎక్కడం. పాటు అంటే తగ్గడం. పాటు వేళ నీరు లాగేస్తే పడవ బురదలో ఆగుతుంది. బురదలో దిగి నడిచేది ఎవరు? మోసేది ఎవరు?

ఇది ఒక్క ఎదురుమొండి కథ కాదు. కోస్తా అంతా ఏరుల మొగల దగ్గర, కాలువల అవతల, ఉప్పుటేరుల పక్కన ఇట్లాంటి ఊళ్లున్నాయి.

చేపలమ్మే అక్కల మాట కూడా చెప్పుకోవాలి. చేప పట్టేది మగవాళ్లయినా, చాలా చోట్ల అమ్మేది ఆడవాళ్లే. చేప వరి బస్తా లాంటిది కాదు. రేపు అమ్ముదాంలే అనుకోవడానికి లేదు. పొద్దున పట్టిన చేప పొద్దెక్కేలోగా బజారుకు చేరాలి. రోడ్డు బాగుంటే ఐసు దిమ్మ ఊరిలోకి వస్తుంది, చేప బయటికి పోతుంది. రోడ్డు పాడైతే ఐసు దారిలోనే కరిగిపోతుంది. అప్పుడు రేవు దగ్గరికి వచ్చిన షావుకారు చెప్పిందే ధర. తట్టలో చేప మెత్తబడేకొద్దీ అక్క నోరు కూడా మెత్తబడుతుంది. బేరం ఆడే ఓపిక ఉండదు. గుంత రోడ్డు చేసే నష్టం ఏ లెక్క పుస్తకంలోనూ రాయరు. కానీ అది ప్రతి రోజూ ఆ తట్టలోంచే పోతుంది.

బడి సంగతీ అంతే. దారి లేని ఊరికి పంతులమ్మ రోజూ రావడం కష్టం. నర్సమ్మ రావడం కష్టం.

1977 నవంబరు 19

అది శనివారం. ఆ రోజు వచ్చిన తుపాను చీరాల దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 200 కిలోమీటర్ల పైన వీచింది. అంత గాలికి తాటిచెట్లు విరిగిపోతాయి, పెంకుటిళ్లు ఎగిరిపోతాయి. కానీ ఎక్కువ మందిని చంపింది గాలి కాదు, నీరు.

దాన్ని ఉప్పెన అంటారు. ఉప్పెన అంటే ఒక పెద్ద అల వచ్చి పోవడం కాదు. తుపాను గాలి సముద్రాన్ని ఒడ్డు మీదికి నెడుతుంది. సముద్రమే లేచి ఊరి మీదికి నడిచి వస్తుంది. దివిసీమ నేల పళ్లెంలాగా చదునుగా ఉంటుంది. ఆపడానికి గుట్ట లేదు. మూడు నిలువుల ఎత్తున నీరు వచ్చింది. పది కిలోమీటర్లకు పైగా లోపలికి చొచ్చుకుపోయింది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి లాంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. సర్కారు లెక్క ప్రకారమే పదివేల మంది దాకా చనిపోయారు. పశువులకు లెక్క లేదు.

ఆ రోజు వాళ్లు ఎందుకు బయటికి పోలేకపోయారు? కొందరికి కబురు అందలేదు. కబురు అందిన వాళ్లలో చాలా మంది నమ్మలేదు. నమ్మిన వాళ్లకు మాత్రం దారేది? మట్టి బాటలు వానకు బురదయ్యాయి. కాలువలు పొంగాయి. బస్సు లేదు, లారీ లేదు. పాయ మీద పడవ నడవదు. పిల్లల్ని చంకనేసుకుని చీకట్లో ఎంత దూరం నడుస్తారు?

తుపాను పోయిన తర్వాత కూడా దారి లేకపోవడం మనుషుల్ని చంపుతుంది. చెట్లు కూలి, కట్టలు తెగి దారులు మూసుకుపోతాయి. అన్నం పొట్లం, మంచినీళ్లు, మందులు లోపలికి పోవాలంటే రోజులు పడతాయి. బతికి బయటపడిన వాళ్లు ఆ రోజుల్లో ఉప్పు నీళ్ల నడుమ దాహంతో ఉండాలి.

ఆ తర్వాత తీరం వెంట తుపాను షెల్టర్లు కట్టారు. పైన గట్టి డాబా, కింద స్తంభాలు. నీరు వస్తే కింది నుంచి పోతుంది, జనం పైన ఉంటారు. రోడ్లు కూడా కొన్ని వేశారు. 1990 మేలో మళ్లీ పెద్ద తుపాను వచ్చింది. అదీ ఈ తీరం మీదికే. ఆ సారి లక్షల మందిని ముందుగానే తరలించారు. చనిపోయిన వాళ్లు వెయ్యి మంది లోపే. వెయ్యి కూడా తక్కువేం కాదు. కానీ పదివేలు ఎక్కడ, వెయ్యి ఎక్కడ!

ఒడిశాలోనూ ఇట్లాగే జరిగింది. 1999 అక్టోబరులో వచ్చిన తుపానుకు అక్కడ పదివేల మంది దాకా పోయారు. 2013లో అంతటి తుపానే వచ్చింది. పది లక్షల మందిని లారీల్లో, బస్సుల్లో ముందే దాటించారు. ఆ సారి చావులు పదుల్లోనే ఉన్నాయి. ముందుగా కబురు అందాలి. పోవడానికి గట్టి డాబా ఉండాలి. ఆ డాబా దాకా వానలో కూడా నడిచే రోడ్డు ఉండాలి. మూడింటిలో ఒకటి లేకపోయినా మిగతా రెండూ పనికిరావు. షెల్టరు కట్టి, దాని దగ్గరికి బురద బాట వదిలేస్తే ఎవరికి లాభం?

ఇంకొక మాట. 1991లో బంగ్లాదేశ్‌లో వచ్చిన తుపానుకు లక్షా ముప్పై వేల మందికి పైగా చనిపోయారు. వాళ్లలో మగవాళ్ల కన్నా ఆడవాళ్లు చాలా ఎక్కువ. ఎందుకని? ఆడవాళ్లు ఇల్లు, పిల్లలు, మేకలు, కోళ్లు వదిలి కదల్లేదు. భర్త వచ్చి చెబితే తప్ప బయటికి పోకూడదు అనుకున్నారు. ఒంటికి చుట్టుకున్న చీర నీళ్లలో కాళ్లకు అడ్డం పడింది. కాబట్టి రోడ్డు మగవాళ్ల ముచ్చట అని ఎవరైనా అంటే వాళ్లకు ఈ లెక్క చెప్పండి.

సాగర్ గేట్లు ఎత్తితే

సాగర్ గేట్లు ఎత్తితే మనం చూడడానికి పోతాం. పిల్లల్ని తీసుకుని పోతాం. తెల్లటి నురగ చూసి సంబరపడతాం. అదే రోజు ఏటి చివరి లంకల్లో ఆడవాళ్లు బియ్యం డబ్బా అటక మీదికి ఎక్కిస్తుంటారు.

మన దగ్గర వదిలిన నీరు పులిచింతల దాటి ప్రకాశం బ్యారేజీకి చేరుతుంది. అక్కడి నుంచి కిందికి పోతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. అంత వరద ఆ బ్యారేజీ దగ్గర అంతకు ముందు ఎన్నడూ నమోదు కాలేదు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. ఒక ఘనపుటడుగు అంటే రెండు బిందెల దాకా అనుకోండి. కన్ను మూసి తెరిచేలోగా 20 లక్షల బిందెలు!

పైనుంచి ఏరు, కింది నుంచి సముద్రం. ఆ ఊళ్లకు రెండు వైపులా భయమే.

అక్కడ రోడ్డు ఎందుకు నిలవదు

"డబ్బులన్నీ తినేశారు, అందుకే రోడ్డు పోయింది" అని అంటుంటారు. తినే వాళ్లు లేరని కాదు. కానీ ఊరికే తిట్టుకుంటే రోడ్డు రాదు. రోడ్డు ఎట్లా వేస్తారో, ఎట్లా పాడవుతుందో తెలిస్తే సరైన చోట వేలు పెట్టి అడగవచ్చు.

రోడ్డు అంటే పైన కనపడే నల్లటి తారు కాదు. అది దుప్పటి లాంటిది. దుప్పటి కింద మంచం గట్టిగా ఉండాలి. మొదట మట్టితో కట్ట పోస్తారు. నీళ్లు చల్లి రోలరుతో తొక్కిస్తారు. దాని మీద గ్రావెలు పరుస్తారు. దాని మీద పెద్ద కంకర, ఆ పైన చిన్న కంకర. మళ్లీ రోలరు. చివరికి తారు. ఊరి నడుమ నీరు నిలిచే చోట తారు నిలవదు. అక్కడ సిమెంటు రోడ్డు వేస్తారు.

మన దగ్గర కంకర, గ్రావెలు దొరుకుతాయి. దివిసీమలో కొండ లేదు, గుట్ట లేదు. ప్రతి కంకర రాయి దూరం నుంచి లారీలో రావాలి. దీవికైతే పంటి మీద దాటాలి. అందువల్ల అక్కడ కిలోమీటరు రోడ్డుకు ఖర్చు ఎక్కువ. ఖర్చు ఎక్కువైతే గ్రావెలు పరుపు పలచన అవుతుంది. అది పలచనైతే రెండు వానలకే రోడ్డు కుంగుతుంది.

రెండో సంగతి, నీరు. రోడ్డుకు వాన కన్నా నిలిచిన నీరు పెద్ద శత్రువు. కట్ట ఎత్తు తక్కువైతే కింది నుంచే తేమ ఎక్కుతుంది. రోడ్డు పక్కనే చేపల చెరువులు, రొయ్యల చెరువులు తవ్వితే ఆ నీరు ఏడాది పొడుగునా కట్టను నానబెడుతుంది. పైగా ఊరి రోడ్డును ఎడ్లబండికి, ఆటోకు, బస్సుకు సరిపడా వేస్తారు. దాని మీద చేపల లారీ, రొయ్యల మేత లారీ నిండుగా పోతే రోడ్డు ఏమవుతుంది? మన వైపు రాయి, కంకర తోలే టిప్పర్లు చేసే పని కూడా ఇదే.

ఇంకా తూముల సంగతి. ఇది చాలా మంది పట్టించుకోరు, కానీ ముఖ్యం. రోడ్డు కట్ట ఎత్తుగా పోస్తే అది ఆనకట్టలాగా నీటికి అడ్డం పడుతుంది. ఒక పక్క పొలం మునుగుతుంది, ఇంకో పక్క ఎండుతుంది. నీరు ఎక్కడో ఒకచోట రోడ్డును కోసుకుని పోతుంది. అందుకని కింద తూములు పెట్టాలి. నీరు పోయే దారి నీటికి ఇస్తే, మనిషి పోయే దారి మనిషికి మిగులుతుంది. తూముల్లో చెత్త పేరుకుపోయినా అవి లేనట్టే లెక్క. వాన కాలానికి ముందు పూడిక తీయాలి.

సముద్రం పక్కనే ఉన్న రోడ్డు కష్టం ఇంకో రకం. కాకినాడ నుంచి ఉప్పాడకు సముద్రపు ఒడ్డునే రోడ్డు ఉంది. అక్కడ సముద్రం ఏటేటా ఒడ్డును కోసేస్తోంది. ఉప్పాడలో ఇళ్లు కూడా సముద్రంలో కలిసిపోయాయి. పెద్ద బండరాళ్లు పోసి కాపాడాలని చూశారు. తుపాను వచ్చినప్పుడల్లా అలలు ఆ రాళ్లను ఎత్తి రోడ్డు మీదే పడేస్తాయి. మళ్లీ బాగు చేస్తారు, మళ్లీ పోతుంది. ఉప్పు గాలికి సిమెంటు లోపలి ఇనుము కూడా తుప్పు పట్టి ఉబ్బుతుంది. వంతెన పెచ్చులూడుతుంది.

మడ అడవి మాటేమిటి? ఏటి మొగల దగ్గర ఉప్పు నీళ్లలో పెరిగే చెట్లను మడ చెట్లు అంటారు. నాచుగుంట, సొర్లగొంది చుట్టుపక్కల ఈ అడవి ఉంది. దానిలో చాలా భాగాన్ని కృష్ణా అభయారణ్యంగా కాపాడుతున్నారు. అడవి భూమిలో రోడ్డు వేయాలంటే అటవీ శాఖ ఒప్పుకోవాలి. దానికి కాలం పడుతుంది. ఊరివాళ్లకు ఇది విసుగే. కానీ ఉప్పెన వచ్చినప్పుడు మొదట ఎదురు నిలిచేది ఆ మడ చెట్లే. చేప పిల్లలు, రొయ్య పిల్లలు పెరిగేది వాటి వేళ్ల నడుమే. అడవిని నరికి రోడ్డు వేస్తే ఊరికి గోడ తీసేసి వాకిలి పెట్టినట్టు అవుతుంది. రెండూ నిలిచేట్టు దారి వెతకాలి. అది ఇంజనీర్లకు కూడా తేలిక పని కాదు.

ఒక వంతెన పడితే

దివిసీమ నుంచి రేపల్లె వైపు పోవాలంటే ఇదివరకు కృష్ణ అడ్డం. ఎదురుగా ఊరు కనపడుతుంది, పోవాలంటే పడవ ఎక్కాలి. లేదా విజయవాడ దాకా చుట్టు తిరగాలి. పులిగడ్డకూ పెనుమూడికీ నడుమ వంతెన కట్టారు. 2006లో దాని మీద రాకపోకలు మొదలయ్యాయి. దానికి మండలి వెంకట కృష్ణారావు గారి పేరు పెట్టారు. ఆయన అవనిగడ్డ ప్రాంతపు నాయకుడు, ఉప్పెన తర్వాత దివిసీమను నిలబెట్టడానికి పాటుపడిన మనిషి.

ఇప్పుడు కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా తీరం వెంట పోయే 216వ నంబరు జాతీయ రహదారి ఈ వంతెన మీదుగానే పోతుంది. కాకినాడ, అమలాపురం, మచిలీపట్నం, రేపల్లె, బాపట్ల, చీరాల దీని మీదే ఉన్నాయి. మనం నరసరావుపేట నుంచి చిలకలూరిపేట, పర్చూరు మీదుగా చీరాల పోయి, వాడరేవులో సముద్ర స్నానం చేసి వస్తాం కదా. ఆ చీరాల దగ్గర మన దారి వాళ్ల దారిని కలుస్తుంది.

పెద్ద రోడ్డు వచ్చింది. కానీ పెద్ద రోడ్డు దాకా పోయే చిన్న రోడ్డు లేకపోతే దీవి వాళ్లకు అది దూరపు చుట్టమే.

ఈ రోడ్డు ఎవరిది?

గుంత పడింది. ఎవరిని అడగాలి? చాలా అర్జీలు ఇక్కడే తప్పిపోతాయి. ఒక ఆఫీసుకు పోతే "మాది కాదు" అంటారు. ఇంకో ఆఫీసుకు పంపుతారు. కాళ్లు అరిగిపోతాయి. కాబట్టి ముందు రోడ్డు ఎవరిదో తెలుసుకోవాలి.

ఊరి లోపలి వీధి రోడ్డు గ్రామ పంచాయతీది. ఊరి నుంచి ఊరికి పోయే చాలా రోడ్లు పంచాయతీరాజ్ ఇంజనీర్లవి. మండలాల్ని, పట్టణాల్ని కలిపే పెద్ద రోడ్లు రోడ్లు భవనాల శాఖవి. దాన్ని ఆర్ అండ్ బి అంటారు. నంబరు ఉన్న జాతీయ రహదారులు కేంద్ర ప్రభుత్వానివి. ఇక కరకట్ట. వరద ఊళ్ల మీదికి రాకుండా ఏటి పక్కన పోసిన పెద్ద మట్టికట్టే కరకట్ట. లంకల వైపు చాలా చోట్ల ఆ కట్టే రోడ్డు కూడా. అది నీటిపారుదల శాఖది. కట్ట మీద గుంత పడిందని పంచాయతీరాజ్ ఆఫీసులో అర్జీ ఇస్తే అది కదలదు.

కొత్త రోడ్డుకు ఇంకో లెక్క ఉంది. 2000 డిసెంబరు 25న ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మొదలైంది. సడక్ అంటే రోడ్డు. మైదాన ప్రాంతంలో 500 మంది, ఆ పైన జనం ఉన్న ఊరికి ఎండా వానా నడిచే రోడ్డు వేయాలని దాని లెక్క. కొండ ప్రాంతాలకు, గిరిజన ప్రాంతాలకు 250 మంది చాలు. 2024లో దీని నాలుగో విడతకు అనుమతి ఇచ్చారు. ఆ విడతకు 2011 జనాభా లెక్కల్ని చూస్తారు.

ఇక్కడ చిక్కు ఎక్కడుందో చూడండి. దీవిలో ఒక దిబ్బ మీద వంద ఇళ్లుంటాయి. వేటకు పోయిన వాళ్లు, పనికి వలసపోయిన వాళ్లు లెక్కల రోజున ఇంట్లో ఉండరు. పేర్లు రాయించకపోతే 500 కావలసిన చోట 470 పడుతుంది. ముప్పై పేర్ల కోసం రోడ్డు పోతుంది! మన బొల్లాపల్లి, వెల్దుర్తి మండలాల్లో తండాల వాళ్లకు కూడా ఇది తెలియాలి. లెక్కల వాళ్లు వచ్చినప్పుడు నియమం అడిగి తెలుసుకుని, రాయవలసిన ప్రతి పేరూ రాయించాలి. చంటిబిడ్డ పేరు కూడా.

బోర్డు చదవండి

ఆ పథకం కింద వేసిన రోడ్డు మొదట్లో ఒక బోర్డు పెట్టాలి. మీ ఊరి పొలిమేరలో ఉందేమో చూడండి. ఇదివరకు దాని పక్కనుంచే ఎన్నోసార్లు నడిచి ఉంటారు. ఇప్పుడు ఆగి చదవండి. రోడ్డు ఎక్కడి నుంచి ఎక్కడికి? ఎన్ని కిలోమీటర్లు? ఎంత డబ్బు? కాంట్రాక్టరు ఎవరు? పని ఎప్పుడు అయిపోయింది?

ఆఖరి తేదీ ముఖ్యం. ఈ పథకం కింద వేసిన రోడ్డును కాంట్రాక్టరు అయిదేళ్లు బాగోగులు చూడాలి. పని అయిపోయి రెండేళ్లే అయితే గుంత పూడ్చే బాధ్యత అతనిదే. తేదీ చదవగలిగితే ఆ మాట అడగవచ్చు.

అడిగే చోటు గ్రామసభ. ఏడాదికి కనీసం రెండుసార్లు పెట్టాలి. ఊళ్లో ఓటు ఉన్న ప్రతి మనిషీ దానిలో సభ్యులే. "ఆడవాళ్లకెందుకు సభలు" అంటే నెల్లూరు జిల్లా దూబగుంట పేరు చెప్పండి. రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లే అక్కడ సారా అంగడి మూయించారు. అది జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా ఆగిపోయింది.

నోటితో అడిగింది గాలికి పోతుంది. కాగితం మీద రాయాలి. అర్జీ పెద్దగా ఉండనక్కరలేదు. ఇట్లా రాస్తే చాలు:

పంచాయతీరాజ్ ఇంజనీరు గారికి, ............ మండలం.
అయ్యా,
మాది ............ గ్రామం. మా ఊరి నుంచి ............ పోయే రోడ్డు మీద, ............ చెరువు దగ్గర తూము కూలిపోయింది. ............ నెల నుంచి బస్సు రావడం లేదు. 108 బండి ఊరి బయటే ఆగిపోతోంది. మా ఊళ్లో ............ మంది గర్భిణులు ఉన్నారు. ............ మంది పిల్లలు ఈ దారిన బడికి పోతారు. వానలకు ముందే తూము కట్టించవలసిందిగా కోరుతున్నాం.
ఇట్లు, ............ గ్రామ మహిళలు.
తేదీ, సంతకాలు.

"మా రోడ్డు బాగా లేదు, దయచేసి బాగు చేయండి" అని రాస్తే ఆఫీసరుకు ఏ చోటో తెలియదు. చోటు పేరు, నెల, అంకెలు ఉంటే తప్పించుకోవడం కష్టం. రెండు కాపీలు రాయండి. ఒకటి ఇచ్చి, రెండో దాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. వేలిముద్రలు వేసే వాళ్లుంటే వేయనీయండి, కానీ రాయగలిగిన వాళ్లు సంతకమే చేయాలి.

అప్పటికీ కదలకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. 2005 అక్టోబరు 12 నుంచి అమల్లోకి వచ్చింది. రోడ్డుకు ఎంత ఖర్చయింది, కంకర ఎంత మందం, తూములు ఎన్ని అని కాగితం మీద అడగవచ్చు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసులో అడిగితే ఫీజు లేదు. మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. పేదరికం కార్డు ఉన్న వాళ్లకు అదీ లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. వచ్చిన జవాబులో తూములు ఆరు అని ఉంటే, ఒక పొద్దున నలుగురూ కలిసి రోడ్డు వెంట నడుచుకుంటూ పోయి లెక్కపెట్టి రావచ్చు.